లెక్క అంటే డబ్బే

కడప జిల్లాలో డబ్బును లెక్క అంటారు. "లెక్కుందా?" అని ఎవరైనా అడిగితే జేబులో డబ్బుందా అని అర్థం. "లెక్క యాడ పోయిందప్పా?" అంటే డబ్బు ఏమైందని. పొరుగునున్న కర్నూలు వైపు దుడ్లు అనే మాట ఎక్కువగా వినబడుతుంది గానీ, నాకెందుకో ఈ లెక్క అనే మాట మీదే మక్కువ. డబ్బుకూ, దానికి చెప్పవలసిన ఖాతాకూ ఒకటే పేరు పెట్టుకున్న జనం ఇంకెక్కడైనా ఉన్నారేమో భాషావేత్తలే చెప్పాలి. లెక్క చెప్పలేనిది లెక్క కాదని ఆ మాటలోనే ఉంది.

వాటా అనే మాట సంగతి కూడా ఇలాంటిదే. ఈనాడు షేరుకు మనం వాటా అనే మాటను వాడుతున్నాము. షేరు పుట్టకముందే సీమలో వాటా ఉంది. బావిలో వాటా. అన్నదమ్ములు నలుగురు పొలం పంచుకున్నా బావిని ముక్కలు చేయలేరు గనుక, నీటిని వంతులు వేసుకునేవారు. కపిలల రోజుల్లో ఎద్దుల జతను బట్టి వంతు. తరువాత కరెంటు మోటార్లు వచ్చాక రోజుల లెక్కన వంతు. మోటారు కాలిపోతే వైండింగు ఖర్చు ఎవరి వాటా ఎంతో అంత. పూడిక తీయిస్తే కూలీ కూడా అంతే. ఒకడు తన వంతు రోజున మోటారు వేసి ఊళ్ళో పెళ్ళికి పోతే, మడి నిండి నీళ్ళు దారిలో పారుతుంటే, మిగిలిన ముగ్గురూ ఆ సాయంత్రమే అడిగేవారు. అడగడానికి నోటీసు అక్కరలేదు, ఏడు రోజుల ముందు పేరు నమోదు చేసుకోనక్కరలేదు. బావి కళ్ళ ముందే ఉంది, నీటి మట్టం ఎన్ని మెట్లు దిగిందో పిల్లవాడైనా చెబుతాడు. తగాదాలు వచ్చేవి, తలలు పగిలిన సందర్భాలూ లేకపోలేదు. అయినా నీరు ఎటు పోయిందో తెలియదనే మాట మాత్రం ఎవరూ అనవలసి వచ్చేది కాదు.

కంపెనీలో వాటా ఉన్నవాడికి బావి కనబడదు.

నాకు హైదరాబాదులోని ఒక చిన్న సాంకేతిక సంస్థలో కొన్ని వాటాలున్నాయి. పేరు చెప్పను. చెబితే ఈ వ్యాసం ఆ ఒక్క కంపెనీ మీద ఫిర్యాదుగా మిగిలిపోతుంది; నాకు కావలసినది అది కాదు. కొన్నేళ్ళుగా దాని వార్షిక నివేదికలను మొదటి పుట నుండి చివరి పుట దాకా చదవడం నాకు ఒక అలవాటు. మొదటి నలభై పుటలు రంగులు, బొమ్మలు, మేఘ గణన, కృత్రిమ మేధ. మధ్యలో అధ్యక్షుల వారి లేఖ. అందులో ప్రతి ఏడూ ఒక కొత్త ఉత్పత్తి పేరు ఉంటుంది, నిరుటి ఉత్పత్తి ఏమైందో ఉండదు. అసలు విషయమంతా చివరి పుటలలో, చీమ తలకాయంత అక్షరాలలో ఉంటుంది. వృత్తిపరమైన, సలహా రుసుములు అని ఒక పద్దు. ఆ సలహాదారులు ఎవరో చెప్పరు. ఇతర ఖర్చులు అని ఒక పద్దు. ఆ ఇతరములోనూ మళ్ళీ ఇతరము అని ఇంకొక పద్దు. విదేశీ అనుబంధ సంస్థకు అప్పు. రెండేళ్ళ తరువాత ఆ అప్పు రాదని రద్దు. ఆ మరుసటి ఏడు అదే సంస్థకు మళ్ళీ అప్పు. అమ్మకాలు ఉన్నచోటే ఉంటాయి, పైవారి జీతభత్యాలు మాత్రం పెరుగుతాయి. డివిడెండు ఊసు లేదు.

ఇందులో ఏదీ దొంగతనమని నేను అనడం లేదు. అలా అనడానికి నా దగ్గర ఆధారమూ లేదు. అడిగితే చెప్పవలసిన సంగతులని మాత్రమే అంటున్నాను. అడిగే చోటు ఏడాదికి ఒక్కటే ఉంది, అది సర్వసభ్య సమావేశం. 2020లో కరోనా వచ్చిన తరువాత ప్రభుత్వం ఈ సమావేశాలను వీడియో ద్వారా జరుపుకోవచ్చునని అనుమతించింది. ఆ వెసులుబాటును ఏటా పొడిగిస్తూ వచ్చింది. మొదట నేను సంతోషించాను. కర్నూలు నుండి రాత్రి బస్సెక్కి హైదరాబాదు పోయి, గంటసేపు కూర్చుని, టీ బిస్కెట్టు తిని తిరిగిరావలసిన అవసరం తప్పిందనుకున్నాను. ఇప్పుడు ఆ బస్సు ప్రయాణమే మేలనిపిస్తున్నది. హాలులో ఒక మనిషి లేచి నిలబడితే కూర్చోబెట్టడం కష్టం. తెర మీద మనిషిని మూగవాణ్ణి చేయడానికి ఒక్క మీట చాలు.

మా సమావేశంలో ముందుగా పేరు నమోదు చేసుకున్నవారికే మాట. మాట రెండు నిమిషాలు. కొందరు ఆ రెండు నిమిషాలూ యాజమాన్యాన్ని పొగడడానికే వినియోగిస్తారు. వారు ఎవరో, ఏటా వారికే మొదటి వరుస ఎలా దొరుకుతుందో నాకు అంతుబట్టలేదు. ప్రొద్దుటూరు నుండి ఒక పెద్దాయన, బంగారం పనిలో జీవితం గడిపినవాడు, తన వంతు వచ్చినప్పుడు "సార్, ఆ విదేశీ కంపెనీకి ఇచ్చిన లెక్క యాడ పోయింది సార్?" అని అడిగాడు. అటువైపు నుండి ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చింది, ప్రశ్నలన్నిటికీ ఈమెయిలులో జవాబు పంపుతామని. పంపలేదు. తీర్మానాలన్నీ నూటికి తొంభైతొమ్మిది చిల్లర ఓట్లతో నెగ్గాయని మరునాడు స్టాక్ ఎక్స్ఛేంజికి తెలియజేశారు.

ఆ పెద్దాయన తరువాత నాతో ఫోనులో అన్న మాట: "బంగారంలో రాగి ఎంత కలిసిందో గీటురాయి మీద గీస్తే తెలుస్తాది. దీన్ని యాడ గీయాల సార్?"

ఇక అసలు చర్చకు వస్తాను. వాటాదారులు తిరగబడితే ఏమవుతుందో తెలుగువారికి తెలియని సంగతి కాదు. మన దేశపు కార్పొరేటు చరిత్రలో ఆ పేరుతో చెప్పుకునే రోజు ఏదైనా ఉంటే అది 2008 డిసెంబరు 16. ఆ నాడు సత్యం కంప్యూటర్స్ బోర్డు హైదరాబాదులో సమావేశమై, కంపెనీ చేతిలో ఉన్న నగదుతో రామలింగరాజు గారి కుటుంబానికే చెందిన రెండు నిర్మాణ సంస్థలను కొనాలని తీర్మానించింది. మేటాస్ ప్రాపర్టీస్ మొత్తం, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం. రెంటికీ కలిపి 160 కోట్ల డాలర్లు. మేటాస్ అనే పేరు సత్యం పేరును ఇంగ్లీషు అక్షరాలలో తిరగవేసినదే. సాఫ్ట్‌వేర్ వ్రాసే కంపెనీ స్థలాలూ ఇళ్ళూ ఎందుకు కొనాలి అన్న ప్రశ్న బోర్డులో ఎంతవరకు వచ్చిందో గానీ, తీర్మానం మాత్రం నెగ్గింది. ఆ బోర్డులో హార్వర్డు ఆచార్యుడున్నాడు, పెంటియం చిప్పుకు పితామహుడని పేరు పొందినవాడున్నాడు, ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ డీను ఉన్నాడు. ఆ రాత్రి న్యూయార్కు మార్కెట్టులో సత్యం వాటా సగానికి పైగా పడిపోయింది. పెద్ద మదుపు సంస్థలు ఫోన్లలో విరుచుకుపడ్డాయి. తెల్లవారే లోపే కొనుగోలు రద్దయింది.

దాన్ని వాటాదారుల విజయమని చాలామంది వ్రాశారు. నేను అలా అనలేను. మరునాడు ముంబయిలో వాటా ధర నూటికి ముప్ఫై వరకు పడింది, ఎందుకంటే కొనుగోలు ఆగినా దాని వెనకనున్న బుద్ధి బయటపడింది. నెల తిరగకముందే, 2009 జనవరి 7న, రాజు గారి లేఖ వచ్చింది. ఖాతాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లలో 5,040 కోట్లు లేనివేనని ఆ లేఖ సారాంశం. సెప్టెంబరు త్రైమాసికానికి 649 కోట్ల నిర్వహణ లాభం చూపగా అసలు లాభం 61 కోట్లు. మేటాస్ కొనుగోలు ఆ లేని డబ్బు స్థానంలో ఉన్న ఆస్తిని తెచ్చిపెట్టే ఆఖరి ప్రయత్నమని కూడా ఆయనే ఒప్పుకున్నాడు. ముందు రోజు 179 రూపాయలున్న వాటా ఆ సాయంత్రానికి 40 రూపాయల లోపుకు దిగింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. 2008 సెప్టెంబరులో, అంటే ఈ గొడవకు మూడు నెలల ముందు, ఆ కంపెనీకి ఉత్తమ కార్పొరేటు పాలనకు గాను గోల్డెన్ పీకాక్ పురస్కారం వచ్చింది. తరువాత వెనక్కి తీసుకున్నారనుకోండి. పురస్కారం ఇచ్చినవారు చూసినవీ, ఆడిటర్లు సంతకం పెట్టినవీ, స్వతంత్ర డైరెక్టర్లు తిరగేసినవీ ఆ కాగితాలే. కర్నూలులోనో కడపలోనో ఒక ఉపాధ్యాయుడు, ఒక బ్యాంకు గుమాస్తా, బుడ్డలమ్మిన డబ్బు కాస్త మిగిలిన రైతు కొడుకు చూసినవీ అవే. వీరిలో ఎవరి దగ్గరా గీటురాయి లేదు.

అయితే ఒక తేడా ఉంది, అదే నా ఆవేదనకు మూలం. డిసెంబరు 16 రాత్రి బోర్డు చేత నిర్ణయాన్ని మార్పించినది వాటాదారులే, కాదనను. కానీ ఏ వాటాదారులు? వందల కోట్ల మదుపు చేసిన సంస్థలు, న్యూయార్కులో అమ్మే హక్కున్నవారు. కర్నూలు మదుపరికి ఆ వార్త మరునాటి పత్రికలో తెలిసింది. నష్టపరిహారం విషయంలోనూ అంతే. అమెరికాలో సత్యం వాటాలు కొన్నవారు అక్కడి చట్టం ప్రకారం సామూహిక దావా వేసి, 2011లో కంపెనీ నుండి 12.5 కోట్ల డాలర్లు, ఆడిటు సంస్థ నుండి 2.55 కోట్ల డాలర్లు రాబట్టుకున్నారు. ఇక్కడ సుమారు మూడు లక్షల మంది చిన్న మదుపరుల తరఫున ఒక మదుపరుల సంఘం సుప్రీం కోర్టు దాకా వెళ్ళి వట్టి చేతులతో తిరిగివచ్చింది. ఒకే కంపెనీ, ఒకే అబద్ధం, ఒకే కాగితం. సముద్రానికి అటువైపు కొన్నవాడికి పరిహారం, ఇటువైపు కొన్నవాడికి నీతిబోధ.

2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం రాజు గారినీ, మరి తొమ్మిది మందినీ దోషులుగా నిర్ణయించి ఏడేళ్ళ శిక్ష విధించింది. నెల దాటగానే బెయిలు, అప్పీలు. శిక్షల మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. ఒకరు జైలుకు పోయినంత మాత్రాన కడప ఉపాధ్యాయుడి లెక్క తిరిగి రాదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. సత్యం దివాలా తీయలేదు. ప్రభుత్వం పాత బోర్డును తొలగించి కొత్తవారిని నియమించింది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా వాటాకు 58 రూపాయల చొప్పున కొనుక్కున్నది. 2013లో తనలో కలుపుకున్నది. వేలాది ఇంజనీర్ల ఉద్యోగాలు నిలిచాయి. అలాగే 2005లో రాజు గారి కుటుంబం చొరవతో మొదలైన 108 అంబులెన్సు సీమ పల్లెలకు వచ్చినప్పుడు, కాన్పు కష్టమైన తల్లిని ఎద్దుల బండి మీద తీసుకుపోయే రోజులు పోయాయని జనం దండం పెట్టారు. ఆ దండం అబద్ధం కాదు. పని మంచిదైనంత మాత్రాన లెక్క మంచిదని ఎవరూ అనుకోకూడదన్నదే నా వాదన. ఈ రెంటినీ వేరు చేసి చూడడం మనకు చేతకాదు. "ఆయన ఎంత మేలు చేశాడు, ఆయన్ని లెక్క అడుగుతావా?" అంటారు. అదే మనిషి తన అన్నను బావి దగ్గర అడిగేవాడు!

ఈ గందరగోళం మన జిల్లాలకు సత్యంతో రాలేదు. అంతకు నూట యాభై ఏళ్ళ ముందే వచ్చింది. కర్నూలు నడిబొడ్డున పారే కె.సి. కాలువను రోజూ దాటే వారిలో ఎంతమందికి తెలుసో గానీ, అది ప్రభుత్వం తవ్వించిన కాలువ కాదు. వాటాదారుల డబ్బుతో ఒక కంపెనీ తవ్వించిన కాలువ. మన వైపు కొందరు డచ్చి కంపెనీ అంటారు. అది 1858 ప్రాంతంలో లండనులో ఏర్పడిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. ఆ రోజులకు అదే సాంకేతిక సంస్థ అనుకోవచ్చు. ధవళేశ్వరం దగ్గర గోదావరికి, బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్టలు కట్టి ప్రభుత్వానికి గొప్ప రాబడి తెచ్చిన ఆర్థర్ కాటన్ ఆలోచనలే దీనికి ప్రేరణ. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర ఆనకట్ట, అక్కడి నుండి కడప దాకా సుమారు 190 మైళ్ళ కాలువ, నీళ్ళూ పడవలూ రెండూ సాగేటట్టు. ఊహ గొప్పది.

వాటాలు ఎలా అమ్ముడుపోయాయి? పది లక్షల పౌన్ల మూలధనం మీద నూటికి అయిదు వంతున వడ్డీకి ప్రభుత్వమే హామీ ఇచ్చింది. కాలువలో నీరు పారినా పారకపోయినా లండను వాటాదారుకు అయిదు శాతం వస్తుంది. ఆ అయిదు శాతం ఎక్కడి నుండి వస్తుంది? ఈ దేశపు రైతు కట్టే శిస్తు నుండి. ఇక ఖర్చును ఎవరు అడుగుతారు? ఆ రోజుల్లోనే రైళ్ళకు కూడా ఇదే హామీ పద్ధతి ఉండేది. ఇక్కడ ఆర్థిక సభ్యుడిగా పనిచేసిన మాసీ అనే ఆయన, హామీ వడ్డీ ఉన్నంత కాలం తన సొమ్ము హుగ్లీ నదిలో పారవేసినా ఇటుకా సున్నమూ చేసినా ఇంగ్లండు మదుపరికి ఒకటేనన్న అర్థం వచ్చేటట్టు 1872లో పార్లమెంటు సంఘం ముందు సాక్ష్యమిచ్చాడు. కర్నూలు కాలువ కథ దానికి ఉదాహరణ అనవచ్చు. మూలధనం పని పూర్తి కాకముందే అయిపోయింది, ప్రభుత్వమే మళ్ళీ అప్పు ఇచ్చింది. 1870 దాటాక కాలువ పూర్తయింది గానీ అనుకున్న రాబడి రాలేదు. నల్లరేగడిలో మంచుకూ పదునుకూ జొన్నా పత్తీ పండించుకునే రైతు, ఎకరానికి నీటి తీరువ కట్టి వరి వేయడానికి ముందుకు రాలేదు. రేగడి నేల తేమను పట్టి ఉంచుతుందన్న సంగతి గోదావరి డెల్టా చూసి లెక్కలు వేసినవారికి తట్టలేదు కాబోలు. ఇక్కడి రైతును ఒక్కణ్ణి అడిగి ఉంటే చెప్పేవాడు. 1876-78 నాటి కరువులో కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలు అల్లాడినప్పుడు కాలువ నీటి విలువ తెలిసింది. కరువు పోగానే మళ్ళీ మామూలే. చివరికి 1882లో ప్రభుత్వం కాలువను కంపెనీ చేతి నుండి కొనుక్కున్నది.

వాటాదారుడు మునగలేదు. కంపెనీ కూడా మునగలేదు. లెక్క మాత్రం ఇక్కడివారిది. ఈనాడు ఆ కాలువ కింద కాగితాల మీద 2,65,000 ఎకరాల ఆయకట్టు ఉంది. నంద్యాల నుండి చాపాడు దాకా దాని నీటితో బతికే ఊళ్ళున్నాయి. కాలువ మంచిదే. మళ్ళీ అదే మాట: పని మంచిది, లెక్క చెడ్డది.

కాలువ కంపెనీ వాటాదారు ఖర్చును అడగలేదు, హామీ ఉంది గనుక. సత్యం వాటాదారు అడగలేదు, ధర పెరుగుతున్నది గనుక, పైగా "మనవాడు" గనుక. 1999లో సత్యం ఇన్ఫోవే 499 కోట్లు పెట్టి ఇండియావరల్డ్ అనే చిన్న అంతర్జాల సంస్థను కొన్నప్పుడు, ఆ సంస్థ రాబడికీ ఈ ధరకూ ఏమి సంబంధమని నిలదీసినవారికంటే చప్పట్లు కొట్టినవారే ఎక్కువ. ఈనాటి చిన్న కంపెనీ వాటాదారు అడుగుతున్నాడు గానీ వినేవాడు లేడు. మూడు రకాల మౌనం. నాకు మూడవదే ఎక్కువ కోపం తెప్పిస్తుంది, ఎందుకంటే అందులో తప్పు అడిగేవాడిది కాదు.

ఈ మధ్య సంగతి కావాలంటే హైదరాబాదులోనే బ్రైట్‌కామ్ గ్రూప్ ఉంది. ఒకప్పటి వైబ్రంట్ డిజిటల్, లైకాస్‌ను కొన్న కంపెనీ. లక్షలాది చిన్న మదుపరులున్నారు. 2021లో సెబీ దాని ఖాతాల మీద ఫోరెన్సిక్ ఆడిటుకు ఆదేశించింది. 868 కోట్ల ఆస్తుల విలువ తగ్గింపును లాభనష్టాల ఖాతాలో చూపకుండా దాటవేశారని 2023 ఏప్రిల్‌లో మధ్యంతర ఉత్తర్వులో ఆక్షేపించింది. ప్రమోటర్ల వాటాను ఉన్నదానికంటే ఎక్కువగా చూపారన్నది ఇంకొక ఆక్షేపణ. ఫలితాలు సకాలంలో దాఖలు చేయలేదని 2024 జూన్‌లో ఎక్స్ఛేంజీలు ఆ వాటా క్రయవిక్రయాలను నిలిపివేశాయి. నిలిపివేత వలన శిక్ష ఎవరికి పడింది? అమ్ముకోలేక చేతులు కట్టుకు కూర్చున్న చిన్న మదుపరికి. బావిలో ఒకడు దొంగ మోటారు పెట్టాడని అనుమానం వస్తే అందరి కరెంటూ కోసినట్టుంది.

యాజమాన్యాల వైపు వాదన నాకు తెలియక కాదు. సాంకేతిక సంస్థ ముందు ఖర్చు పెట్టాలి, ఫలితం తరువాత వస్తుంది. పది ప్రయోగాలలో తొమ్మిది తప్పుతాయి. చిన్న మదుపరి ధర తప్ప మరేమీ చూడడు, ధర పెరిగినప్పుడు నోరెత్తడు, పడినప్పుడు గోల చేస్తాడు. ఇందులో చాలా నిజముంది. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాలలో వజ్రాలు వెతకడానికి పోయే జనాన్ని ఎవరూ నిందించరు. వారు పోగొట్టుకునేది ఒక రోజు కూలి. వారికి తాము వెతుకులాటలో ఉన్నామని తెలుసు. మా కంపెనీ కూడా "మేము వజ్రాలు వెతుకుతున్నాము, దొరకకపోవచ్చు" అని చెబితే నాకు పేచీ లేదు. కానీ ఏటా "దొరికింది, చేతిలోనే ఉంది, వచ్చే ఏడు చూపిస్తాము" అంటుంది. వెతకడానికి అయిన ఖర్చు ఎంత, వెతికినవారు ఎవరు అంటే, ఇతరము.

చట్టం చూస్తే మరీ గుడ్డిది కాదు. సత్యం దెబ్బ తరువాత వచ్చిన 2013 కంపెనీల చట్టంలో 245వ సెక్షను ఉంది. వాటాదారులు సామూహికంగా ట్రిబ్యునలుకు పోయి డైరెక్టర్ల నుండి, ఆడిటర్ల నుండి, ఆడిటు సంస్థ నుండి కూడా పరిహారం అడగవచ్చును. 2009లో మనవారికి లేనిది ఇదే. అయితే ఎంతమంది కలిస్తే అడగవచ్చో చెప్పే నిబంధన రావడానికి 2019 దాకా పట్టింది! నమోదైన కంపెనీలో నూరు మంది సభ్యులు, లేదా మొత్తం సభ్యులలో అయిదు శాతం, రెంటిలో ఏది తక్కువైతే అది. అదీ కాకపోతే రెండు శాతం మూలధనం చేతిలో ఉన్నవారు. జిందాల్ పాలీ ఫిల్మ్స్ వాటాదారులు కొందరు ఈ సెక్షను కింద ట్రిబ్యునలుకు వెళ్ళిన సంగతి 2024లో అందరి దృష్టికీ వచ్చింది. చట్టం పుట్టిన పదేళ్ళకు గానీ దానికి మాటలు రాలేదన్నమాట.

అంత దూరం పోనక్కరలేని సాధనాలు కూడా ఉన్నాయి, ఎవరూ వాడరు. సర్వసభ్య సమావేశపు మినిట్స్ పుస్తకాన్ని ఏ సభ్యుడైనా కంపెనీ కార్యాలయానికి వెళ్ళి పైసా కట్టకుండా చూడవచ్చునని 119వ సెక్షను చెబుతున్నది. నకలు కావాలంటే రుసుము కట్టి అడిగితే ఏడు పనిదినాలలో ఇవ్వాలి. ప్రొద్దుటూరు పెద్దాయన అడిగిన ప్రశ్న ఆ పుస్తకంలో ఎక్కిందా లేదా? ఎక్కకపోతే ఎందుకు ఎక్కలేదు? నాకు తెలిసి మా కంపెనీలో ఇంతవరకు ఆ పుస్తకం చూడబోయిన మొదటి మనిషిని నేనే. గుమాస్తా పాపం చాలా మర్యాదస్థుడు, కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు, పుస్తకం తేవడానికి పైకి వెళ్ళి అరగంట తరువాత ఉత్త చేతులతో దిగివచ్చాడు. కార్యదర్శి గారు ఊళ్ళో లేరట. వ్రాతపూర్వకంగా అడిగి వచ్చాను.

ప్రభుత్వం చేయవలసినది ఒకటి ఉంది, దానికి పెద్ద చట్టం అక్కరలేదు. సర్వసభ్య సమావేశంలో వచ్చిన ప్రతి ప్రశ్ననూ, దానికి యాజమాన్యం ఇచ్చిన జవాబునూ నెల లోపల ఎక్స్ఛేంజికి వ్రాతలో సమర్పించాలని సెబీ ఒక నిబంధన పెట్టవచ్చు. జవాబు లేకపోతే లేదని వ్రాయాలి. ఆ ఖాళీ గడి చాలు. ఓట్ల ఫలితాలను రెండు రోజులలో చెప్పించగలిగినవారికి ఇది చేయించడం కష్టం కాదు. అలాగే ఇతర ఖర్చులలోని ఇతరము ఒక పరిమితి దాటితే ఎవరికి ఎంత ఇచ్చారో పేర్లతో చెప్పించాలి. సంబంధీకులతో చేసే పెద్ద లావాదేవీల మీద సంబంధీకులు అనుకూలంగా ఓటు వేయకూడదన్న నిబంధన ఇప్పటికే ఉంది గనుక, ఇది దానికి తమ్ముడి వరస.

అంతవరకు మాకు ఉన్నది ఆ నూరు మంది లెక్క. కర్నూలులో ఒక రిటైర్డు లెక్కల మాస్టారు, నంద్యాలలో ఇద్దరు విత్తనాల వ్యాపారులు, ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లు గుమాస్తా, కడపలో కాలేజీ అమ్మాయి ఒకతె (వాళ్ళ నాన్న పోయాక ఆ వాటాలు ఆమె పేరుకు వచ్చాయి), ప్రొద్దుటూరు పెద్దాయన ద్వారా పరిచయమైన పదిమంది. ఒక్కొక్కరి దగ్గర వాటాలు వందల్లోనే. డీమాటు ఖాతా కాగితం, ఆధారు నకలు, సంతకం చేసిన అంగీకార పత్రం ఒక్కొక్కరి దగ్గరా తీసుకుంటున్నాను. కొందరు సంతకం దగ్గరికి వచ్చేసరికి "మనకెందుకు సార్ ఈ కోర్టు గొడవలు" అని వెనకాడుతున్నారు. వాళ్ళను తప్పు పట్టను. ఈ వారానికి నలభై మూడు మంది అయ్యారు.